యాడ్ బ్రీఫ్‌లో అడిగిన జానర్‌కి నా ట్రాక్ సరిపోతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

మీరు అడిగినవి రెండు. ఏజెన్సీ వాళ్లు బ్రీఫ్‌లో (తమకి ఎలాంటి మ్యూజిక్ కావాలో రాసి పంపేదాంట్లో) ‘ఇండీ ఫోక్’ అనో ‘సినిమాటిక్’ అనో అడిగితే, మీరు చేసిపెట్టుకున్న ట్రాకుల్లో దానికి ఏది సరిపోతుందో ఎలా తెలుస్తుంది? కాస్త అటూ ఇటూగా ఉన్నా పంపేయొచ్చా? రెండోదానికి ముందే చెప్పేస్తాను: పంపకండి. మొదటిదానికి కొంచెం వివరం కావాలి. నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా యాడ్‌లకీ, కార్పొరేట్ వీడియోలకీ మ్యూజిక్ ఇస్తున్నాను. సినిమాల కోసమని వచ్చి ఇక్కడ కుదురుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

బ్రీఫ్‌లో రాసిన జానర్ పేరుని నేను పెద్దగా పట్టించుకోను. క్లయింట్ మీటింగ్‌లో ఎవరి నోటో వచ్చిన మాటని ఏజెన్సీ కుర్రాడెవరో టైప్ చేసి పంపిస్తాడు, అంతే. అసలు సంగతి దాని కింద పెట్టే రిఫరెన్స్ లింకులో, అంటే ‘ఇలాంటిది కావాలి’ అని చూపించే పాటలో ఉంటుంది. లింకు లేకపోతే అడిగి తెప్పించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడితే మనకే నష్టం.

ఆ మధ్య ఒక మసాలా పొడుల యాడ్‌కి వచ్చిన బ్రీఫ్ ఇది: ‘ఫోక్, ఎనర్జెటిక్, యూత్‌ఫుల్, మరీ మాస్ వద్దు’. ఇక్కడ ఫోక్ అనగానే ఎవరి చెయ్యైనా డప్పు మీదికే పోతుంది. తీరా లింకు తెరిస్తే యుకులేలే (చిన్న గిటార్ లాంటిది), చప్పట్లు, ఈల, గాలిలా పాడే అమ్మాయి గొంతు. ఏజెన్సీ ప్రొడ్యూసర్‌కి ఫోన్ చేసి, “మేడమ్, ఇందులో మీకు నచ్చింది గొంతా, వాయిద్యాలా?” అని అడిగాను. “రెండూ కాదండీ, ఆ తేలికదనం. డప్పు ఉన్నా పర్లేదు, కానీ బరాత్‌లా ఉండకూడదు. అమ్మమ్మ వంటిల్లు గుర్తు రావాలి” అన్నారావిడ. (మసాలా యాడ్ అన్నాక అమ్మమ్మ లేకుండా ఎలా ఉంటుంది!)

ఆ ఒక్క మాటతో నా ఫోల్డర్‌లో సగం పక్కకు పోయాయి. తీన్మార్ నడక ఉన్నవేవీ పనికిరావు. మిగిలినవాటిలో జముకు వాయించిన ట్రాక్ ఒకటుంది. ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ల చేతిలో చూసే ఉంటారు: ఒకవైపు తోలు బిగించిన పాత్ర, దాని మధ్యలోంచి ఒక తీగ. తీగని లాగి పట్టుకుని మీటుతుంటే శబ్దం సాగుతూ, వంగుతూ పలుకుతుంది. దానికి తోడు ఒక గిటార్, మాటల్లేని ఆడగొంతు హమ్మింగ్. రిఫరెన్స్‌లోని వాయిద్యం ఒక్కటీ ఇందులో లేదు. కానీ రెండింటి వేగమూ 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు) దగ్గరే, రెండింట్లోనూ బేస్ తక్కువ, వాయిద్యానికీ వాయిద్యానికీ మధ్య ఖాళీ ఎక్కువ. అదే పంపాను, తీసుకున్నారు. నా హార్డ్ డిస్క్‌లో దాని పేరు మాత్రం ‘ఫ్యూజన్ 3’.

అంచేత పోల్చాల్సింది పేర్లని కాదు, చెవికి వినబడేదాన్ని. రిఫరెన్స్‌నీ మీ ట్రాక్‌నీ ఒకదాని వెనక ఒకటి పెట్టి వినండి. రిఫరెన్స్ మాస్టరింగ్ (విడుదలకి ముందు చేసే ఆఖరి మెరుగు) అయి గట్టిగా ఉంటుంది కాబట్టి ముందు దాని వాల్యూమ్ మీ మిక్స్ స్థాయికి దించండి. లేకపోతే మీది ఎప్పుడూ నీరసంగానే అనిపిస్తుంది. వేగం ఎంత, కింది స్వరాలు ఎంత బరువుగా ఉన్నాయి, గొంతు ముందుకొచ్చి ఉందా, వెనక కలిసిపోయిందా, డ్రమ్స్ మనిషి వాయించినవా, ప్రోగ్రామ్ చేసినవా, ఇవన్నీ చూడండి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఆ సౌండు ఏ కాలానిది అన్నది. జానర్ కచ్చితంగా అదే అయినా పదిహేనేళ్ల కిందటి సింథ్ టోన్ వినబడితే ఏజెన్సీ వాళ్లు పది సెకన్లు కూడా ఆగరు. తర్వాత సంగీతంతో సంబంధం లేని మనిషికి ఫోన్ స్పీకర్‌లో రెండూ వినిపించండి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. ఆవిడ తల తిప్పి చూసిందంటే రెండింటికీ ఎక్కడో పొసగలేదన్నమాట.

జానర్ కుదిరినా ట్రాక్ అమరిక యాడ్‌కి కుదరకపోవచ్చు. 20 సెకన్లో 30 సెకన్లో ఉండే యాడ్‌కి 40 సెకన్ల ఇంట్రో ఉన్న పాట దేనికి? అసలు విషయం మొదట్లోనే వచ్చేయాలి, చివర ఫేడ్ కాకుండా ఠక్కున ఆగాలి. వాయిస్ ఓవర్ ఉంటుంది కాబట్టి గొంతు లేని వెర్షన్ తప్పనిసరి. స్టెమ్స్ (డ్రమ్స్, గిటార్, గొంతు లాంటి ఒక్కో భాగం) విడిగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా సిద్ధంగా పెట్టుకోండి. వాళ్లు అడిగేది సాయంత్రం ఆరింటికి, కావాల్సింది ఎనిమిదింటికి.

‘దగ్గరగా ఉంది కదా’ అని ఎందుకు పంపొద్దంటే, అవతలి మనిషికి ఆ రోజు అలాంటి మెయిళ్లు బోలెడు వస్తాయి. అడిగింది ఒకటైతే ఇంకొకటి పంపే మనిషని ఒకసారి ముద్ర పడితే, తర్వాత మీ దగ్గర అచ్చంగా సరిపోయే ట్రాక్ ఉన్నా తెరిచి చూడరు. నా దగ్గర లేకపోతే లేదని రాసేస్తాను, రెండు రోజుల టైమిస్తే చేసి పంపుతానని అడుగుతాను. కొన్నిసార్లు ఇస్తారు కూడా.

మరీ దగ్గరగా ఉన్నా చిక్కే. న్యూజిలాండ్‌లో నేషనల్ పార్టీ 2014 ఎన్నికల యాడ్‌కి ఒక మ్యూజిక్ లైబ్రరీ ట్రాక్ వాడుకుంది. దాని పేరే ‘ఎమినెమ్ ఎస్క్’, అంటే అమెరికన్ రాపర్ ఎమినెమ్ తరహాలో అని. లైసెన్స్ డబ్బు కట్టే తీసుకున్నారు. అయినా అది ఎమినెమ్ ‘లూజ్ యువర్‌సెల్ఫ్’కి నకలేనని 2017లో అక్కడి హైకోర్టు తేల్చి 6 లక్షల న్యూజిలాండ్ డాలర్లు కట్టమంది. మరుసటి ఏడాది అప్పీలులో అది 2 లక్షల 25 వేలకు తగ్గింది. కాబట్టి రిఫరెన్స్ నుంచి వేగం, వాతావరణం తీసుకోండి. బాణీ, రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బిట్) జోలికి పోవద్దు. ఫైలు పేరులో ఇంకో ఆర్టిస్టు పేరు అసలే పెట్టొద్దు.

ట్రాక్ ఓకే అయ్యాక వచ్చే కాగితంలో గడువు, ప్రాంతం స్పష్టంగా రాయించుకోండి. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేననీ లెక్క. రెడీమేడ్ లూపులు (ఎవరైనా తీసుకుని వాడుకోగల తయారు బిట్లు) వాడి ఉంటే ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. అదే లూప్ పోటీ బ్రాండ్ యాడ్‌లో వినబడ్డ రోజున ఫోన్ మీకే వస్తుంది.