మ్యాచ్ కోసం సీరియల్ ఆపేస్తే వచ్చే కోపం: ఆ రాత్రుల్లో ఫోన్లెత్తినవాడి జవాబు

అడిగిన ప్రశ్న ఇది: లైవ్ మ్యాచ్ కోసం రోజూ వచ్చే కార్యక్రమం ఆపేస్తే కొందరు మండిపడతారు, కొందరు అసలు పట్టించుకోరు. ఎందుకింత తేడా? మ్యాచ్ ఎంతసేపు పడుతుందో ఛానల్ వాళ్లు ముందే లెక్క వేసుకోలేరా?

ఈ గొడవని నేను రెండు వైపుల నుంచీ చూశాను. చిన్నప్పుడు ఒకే టీవీ ఉన్న ఇంట్లో చూశాను. పెద్దయ్యాక మూడేళ్లు ఒక ఛానల్ షెడ్యూలింగ్ విభాగంలో పనిచేస్తూ చూశాను. ఆ ఛానల్ పేరు ఇక్కడ అనవసరం.

ముందు ఇంటి సంగతి. నాన్న టీవీకి ఎదురుగా, నాన్నమ్మ ఆయన వెనక కుర్చీలో. సీరియల్ టైమైనా మ్యాచ్ అవ్వకపోతే నాన్నమ్మ మొదలుపెట్టేది: "ఒరేయ్, ఇంకెంతసేపురా?" నాన్న జవాబు ఎప్పుడూ ఒకటే: "అయిపోయిందమ్మా, ఐదు నిమిషాలు." మ్యాచ్ చూసేవాళ్ల ఐదు నిమిషాలకీ గోడ గడియారానికీ చుట్టరికం లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

కానీ నాన్నమ్మకి క్రికెట్ అంటే కోపమేమీ లేదు. ఆఖరి ఓవర్ వచ్చేసరికి ఆవిడే కుర్చీ ముందుకి జరుపుకుని "ఎన్ని కొట్టాలిరా?" అని అడిగేది. ఆవిడకి నిజంగా ఒళ్లు మండేది మ్యాచ్ అయిపోయాక, ఛానల్ వాళ్లు సీరియల్‌ని మధ్యలోంచి వేసినప్పుడు. "మొత్తం మానేసినా ఊరుకుందును. ఈ సగం నేనేం చేసుకోను?" అనేది. చాలా ఏళ్ల తర్వాత ఆఫీసులో ఫోన్లు ఎత్తుతుంటే ఇదే మాట ఎన్ని గొంతుల్లో విన్నానో లెక్కలేదు.

ఇక రెండో ప్రశ్నకి వస్తాను, దానికి జవాబు సూటిగా చెప్పొచ్చు. లెక్క వేస్తారు. ఆ లెక్క తప్పుతుంది. ఏ గంటకి ఏం రావాలో రాసుకునే పట్టికని మేం ఎఫ్‌పీసీ అనేవాళ్లం. ప్రోమోలు, యాడ్స్, కార్యక్రమాలు అన్నీ దాని ప్రకారమే వరుసలో పెడతారు. ఎంసీఆర్‌లో, అంటే ప్రసారం బయటికి వెళ్లే గదిలో, కూర్చున్నవాళ్లు ఆ వరుసనే నడిపిస్తారు. లైవ్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఆ పట్టికని పెన్సిల్‌తో రాసుకున్నట్టే అనుకోవాలి.

ఫుట్‌బాల్ నయం అనుకునేవాడిని. తొంభై నిమిషాల ఆట, మధ్యలో పదిహేను నిమిషాల విరామం, చివర్లో కాస్త ఇంజురీ టైమ్. కానీ 2022 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, ఇరాన్ ఆడిన మ్యాచ్‌లో రెండు సగాలకీ కలిపి 27 నిమిషాలకు పైగా ఇంజురీ టైమ్ ఆడించారు. నాకౌట్ దశలో అయితే ఎక్స్‌ట్రా టైమ్ అరగంట, ఆ పైన పెనాల్టీలు. ఇక క్రికెట్. సాయంత్రం పూట మూడు గంటల్లో ముగిసేలా ఇంగ్లండ్‌లో 2003లో టీ20 మొదలుపెట్టారు. మరి వాన పడితే? ఆట ఆగిపోయిన సమయంలో మీరు చూసేది తడిసిన కవర్లని. ఎంసీఆర్‌లో మేం చూసేది గడియారాన్ని. సీరియల్ వేసేద్దామా అంటే, వేసిన పది నిమిషాలకే వాన తగ్గి ఆట మొదలవుతుందేమోనని భయం. 2011లో కెనడా గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ కార్ల పోటీలో వాన వల్ల రేసు రెండు గంటలకు పైగా ఆగిపోయింది. అసలు రెండు గంటల్లో ముగిసిపోవాల్సిన రేసు అది. మొదలైన నాలుగు గంటల నాలుగు నిమిషాలకి పూర్తయింది. పైగా గెలిచిందెవరో తేలింది ఆఖరి ల్యాప్‌లో. మధ్యలో విసుగొచ్చి ఎవరైనా ఆ ప్రసారం ఆపేసి ఉంటే ఆ రాత్రి వాళ్ల ఫోన్ల పరిస్థితి ఏమయ్యేదో నేను ఊహించగలను.

టెన్నిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి గడియారమే లేదు. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ మ్యాచ్ మూడు రోజుల పాటు మొత్తం 11 గంటల 5 నిమిషాలు సాగింది. ఆఖరి సెట్ 70-68. పాపం కోర్టులో స్కోరుబోర్డే 47-47 దగ్గర ఆగిపోయింది, అంతకుమించి లెక్కపెట్టేలా దాన్ని తయారుచేయలేదు మరి. ఇప్పుడు గ్రాండ్‌స్లామ్‌లన్నిటిలోనూ ఆఖరి సెట్‌లో 6-6 దగ్గర సెట్‌ని తేల్చేసే టైబ్రేక్ పెట్టేశారు కాబట్టి అంత దూరం పోదు. అయినా అయిదు సెట్ల మ్యాచ్ రెండు గంటల్లో అవుతుందా, అయిదు గంటలు పడుతుందా అన్నది ఎవరూ చెప్పలేరు.

అలాంటప్పుడు మ్యాచ్ మధ్యలో ఆపేసి సీరియల్ వేయొచ్చు కదా అని చాలామంది అడిగేవాళ్లు. వేయరు. హక్కుల కోసం పెట్టిన డబ్బు వెనక్కి రావాల్సింది ఆ కాసేపట్లోనే. రేపటి సీరియల్ రేపు కూడా సీరియలే, నిన్నటి మ్యాచ్ మాత్రం ఉత్త స్కోరు. సీరియల్ టైమ్‌లో బుక్ అయిన యాడ్స్ పోతే వాటికి బదులు ఇంకోరోజు మేక్‌గుడ్ స్పాట్లు ఇచ్చి సర్దుకుంటారు. దీనికి తోడు కొన్ని దేశాల్లో చట్టమే పెద్ద ఆటల్ని అందరూ చూసే మామూలు ఛానళ్ల వైపు తోస్తుంది. బ్రిటన్‌లో ఒలింపిక్స్, ఫుట్‌బాల్ ప్రపంచకప్ లాంటివాటికి ఒక జాబితా ఉంది. ఉచితంగా అందే ఛానళ్లకి వాటి ప్రసారంలో అవకాశం ఇవ్వాలి. భారత్‌లో 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం ఉన్నవని ప్రకటించిన పోటీల లైవ్ సిగ్నల్‌ని హక్కులు కొన్నవాళ్లు దూరదర్శన్ నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. చట్టం మంచిదే, నాకు అభ్యంతరం లేదు. అయితే వార్తలు, సినిమాలు, పిల్లల కార్యక్రమాలు అన్నీ వచ్చే ఛానల్లోకి ఆట వచ్చి కూర్చుంటే, అక్కడున్నది ఏదో ఒకటి లేచి చోటివ్వాలి కదా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. కోపం ఎవరికొస్తుంది, ఎవరికి రాదు?

ఆటంటే ఇష్టం లేనివాళ్లకి కోపమొస్తుంది, ఉన్నవాళ్లకి రాదు అనుకుని నేను ఉద్యోగంలో చేరాను. మొదటి నెలలోనే ఆ అభిప్రాయం పోయింది. ఫోన్ చేసి తిట్టినవాళ్లలో మ్యాచ్ అభిమానులు తక్కువేం కాదు. ప్రైజులు ఇచ్చే ముందే వార్తలకి వెళ్లిపోయారని ఒకాయన అరగంట నన్ను వదల్లేదు. మరోవైపు ఆటల పేర్లు కూడా తెలియని కొందరు "సరేలే నాయనా, రేపు చూస్తాం" అని పెట్టేసేవాళ్లు. నాకు కనిపించిన తేడా ఇది. టీవీని సరదాకి చూసేవాళ్లు సర్దుకుంటారు. దాన్ని గడియారంలా వాడుకునేవాళ్లు సర్దుకోలేరు. పిల్లల్ని పడుకోబెట్టే టైమ్, డ్యూటీకి బయల్దేరే టైమ్, ఒంటరిగా ఉన్న మనిషికి ఇంట్లో ఒక గొంతు వినిపించే టైమ్, అన్నీ ఆ కార్యక్రమానికి కట్టేసి ఉంటాయి.

ఒక పెద్దావిడ ఫోన్ నాకిప్పటికీ గుర్తే. తిట్టలేదు. "బాబూ, ఇవాళ సీరియల్ ఎన్నింటికి వేస్తారు?" అంది. మ్యాచ్ అయ్యాకనమ్మా అన్నాను. "మ్యాచ్ ఎన్నింటికి అవుతుంది?" తెలీదమ్మా అన్నాను. కాసేపు ఆగి, "సీరియల్ అయ్యాకే రాత్రి మాత్ర వేసుకుంటా బాబూ. అందుకని అడిగా" అంది. ఆవిడ అడిగిన ప్రశ్నకి ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేకపోవడం కన్నా, అది మా పని అని ఎవరికీ తోచకపోవడం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఇదే గొడవ తిరగబడిన కథ కూడా ఒకటుంది. 1968 నవంబరు 17న అమెరికాలో జెట్స్, రైడర్స్ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ని ఎన్‌బీసీ ఛానల్ చూపిస్తోంది. రాత్రి ఏడింటికి పిల్లల కోసం తీసిన హైదీ అనే టీవీ సినిమా వేయాలి. ఇంకా 65 సెకన్ల ఆట ఉంది, 32-29తో జెట్స్ ముందుంది. ఏడు కాగానే దేశంలో చాలా భాగానికి మ్యాచ్ ఆపి సినిమా మొదలుపెట్టేశారు. ఆ మిగిలిన నిమిషంలోనే రైడర్స్ తొమ్మిది సెకన్ల తేడాతో రెండు టచ్‌డౌన్లు చేసి 43-32తో గెలిచింది. దేశంలో చాలామంది అది చూడనేలేదు!

ఇందులో నాకు నచ్చేది స్కోరు కాదు, టెలిఫోన్ల భాగం. మ్యాచ్ పూర్తయ్యేదాకా చూపించాలని పైవాళ్లు అప్పటికే నిర్ణయించారు. ఆ మాట కంట్రోల్ రూమ్‌కి చేరాలి. కానీ మ్యాచ్ ఆపొద్దని కొందరు, సినిమా టైముకి వేస్తారా అని కొందరు ఒకేసారి ఫోన్లు చేయడంతో లైన్లన్నీ జామ్ అయిపోయాయి. పైవాళ్లకే లైన్ దొరకలేదు! తర్వాత ఫలితాన్ని సినిమా మీద స్క్రోల్‌గా వేశారు. అదీ ఎప్పుడు? నడవలేని పాప నడవడానికి ప్రయత్నించే ఘట్టంలో. దాంతో అప్పటిదాకా ప్రశాంతంగా ఉన్న సినిమా ప్రేక్షకులకీ చిర్రెత్తింది. ఎన్‌బీసీ అధ్యక్షుడు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కంట్రోల్ రూమ్‌కి వేరే ఎక్స్ఛేంజీ నుంచి ప్రత్యేకంగా ఒక ఫోన్ పెట్టించారు.

ఈ కథ చదివి నవ్వుకున్న నేనే సరిగ్గా అదే పని చేశాను. ఒక ఫైనల్ రోజు మ్యాచ్ సాగుతోంది. సీరియల్ వాళ్లకి ముందే చెబుదామని "మీ సీరియల్ మ్యాచ్ తర్వాత" అని స్క్రోల్ వేయించాను. అది సరిగ్గా తెర కింద స్కోరు కనిపించేచోట పరిగెత్తింది. ఐదు నిమిషాల్లో మ్యాచ్ వాళ్ల ఫోన్లు. స్కోరు కనపడట్లేదు, ఎవడయ్యా నువ్వు అని. సీరియల్ వాళ్లూ చేశారు. "మ్యాచ్ తర్వాత" అంటే ఎన్నింటికి? టైమ్ రాయడం మర్చిపోయాను. ఒకే వాక్యంతో రెండు వర్గాలనీ ఏకం చేసిన ఘనత నాది.

ఆ దెబ్బతో కొన్ని మార్చాం. మొదటిది, సీరియల్‌ని మధ్యలోంచి వేయడం మానేశాం. ఆలస్యమైనా మొదటి నుంచి వేయాలి, లేదంటే ఆ రోజుకి మొత్తం మానేసి మర్నాడు అదే ఎపిసోడ్ వేయాలి. నాన్నమ్మ ఎప్పుడో చెప్పింది ఇదే కదా. రెండోది, స్క్రోల్‌ని తెర పైకి జరిపి అందులో గంట రాయడం మొదలుపెట్టాం. "తొమ్మిదిన్నరకి ముందు రాదు" అని రాస్తే చాలు. ఖచ్చితంగా ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయినా, ఎప్పటిదాకా రాదో చెప్పొచ్చు. ఆ మాట రాశాక ఫోన్లు సగానికి పైగా తగ్గాయని నా అనుభవం. కార్యక్రమం పోయిందన్న బాధ కన్నా, టీవీ ముందు నుంచి లేవొచ్చో లేదో తెలియకపోవడమే జనానికి ఎక్కువ విసుగు తెప్పించేది.

ఓటీటీలొచ్చాక ఇదంతా పాత సమస్య అని కొందరంటారు. కొంత నిజమే. 2021లో యూరో ఫుట్‌బాల్ పోటీలప్పుడు బీబీసీ తన ఈస్ట్‌ఎండర్స్ సీరియల్ వారం ఎపిసోడ్లని ఒకేసారి తన ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్‌లో పెట్టేసింది, కావాల్సినవాళ్లు కావాల్సినప్పుడు చూసుకున్నారు. రికార్డింగ్ పెట్టుకునేవాళ్లకి మాత్రం పాత బాధ తప్పలేదు. మ్యాచ్ సాగితే బాక్సులో పడేది మ్యాచ్ చివరి ముక్క, సీరియల్ మొదటి ముక్క. మీరు రికార్డ్ చేసుకునేవాళ్లయితే మ్యాచ్ రోజున సీరియల్ తర్వాత వచ్చే కార్యక్రమానికి కూడా రికార్డింగ్ పెట్టండి. యాప్‌లో ఉంటే యాప్‌లో చూసుకోండి, ఎదురుచూడకండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ యాప్ మీరే పెట్టివ్వాల్సి ఉంటుంది, అది వేరే సంగతి.

ఆ పెద్దావిడ తర్వాత కూడా ఫోన్ చేసేది, మ్యాచ్ ఉన్న రోజుల్లో, సాయంత్రమే. "బాబూ, ఇవాళ ఎన్నింటికి ముందు రాదు?" స్క్రోల్‌లో మేం రాసే మాటనే పట్టుకుంది. పట్టిక చూసి పదింటికి ముందు రాదమ్మా అనేవాడిని. "అయితే తొమ్మిదికే మాత్ర వేసేసుకుని పడుకుంటాలే. కథ రేపు నువ్వే చెప్పు" అని పెట్టేసేది. మర్నాడు చెప్పడానికని, జీవితంలో మొదటిసారి నేను ఆ సీరియల్ చూడటం మొదలుపెట్టాను.