స్పార్జ్ మానేయండి, కానీ పంపు కంటే ముందు ఓవర్‌ఫ్లో పైపు సంగతి చూసుకోండి

మీరు అడిగింది ఇది: రెండేళ్ళుగా ఎక్స్‌ట్రాక్ట్‌తో (తయారుగా దొరికే మాల్ట్ సారంతో) ఇంట్లో బీరు చేస్తున్నారు, ఇప్పుడు ఆల్ గ్రెయిన్‌కి, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలనే (మాల్ట్) వేడినీళ్ళలో నానబెట్టే (మాష్) పద్ధతికి మారుతున్నారు. స్పార్జ్ (గింజల మీద రెండోసారి నీళ్ళు పోసి కడగడం) లేకుండా, పంపుతో వర్ట్ (గింజల నుంచి దిగిన తియ్యటి నీళ్ళు) తిరుగుతూ ఉండే రెండు పాత్రల సిస్టం పెట్టుకోవాలని ఉంది. ఏ పంపు కొనాలి, ఎఫిషియన్సీ (గింజల్లోని చక్కెరలో మనకు దక్కే వంతు) ఎంత పోతుంది?

డాలస్ పక్కన మా గ్యారేజీలో 2018 నుంచి నేను వాడుతున్నది సరిగ్గా ఇలాంటిదే. ఎఫిషియన్సీ గురించి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే అందరూ దాని చుట్టూనే తిరుగుతారు, అసలు ప్రమాదం వేరే చోట ఉంది.

చింతపండు నానబెట్టి ఒకసారి పిసికి చిక్కటి పులుసు తీస్తాం. ఆ పిప్పిలోనే మళ్ళీ కాసిని నీళ్ళు పోసి పిసికితే ఇంకొంచెం వస్తుంది. ఆ రెండోసారి పిసకడమే స్పార్జ్. మనం దాన్ని మానేసి నీళ్ళన్నీ మొదట్లోనే పోసేస్తున్నాం, అంతే. 19 లీటర్ల బ్యాచ్‌కి నా లెక్క 5 కిలోల గింజలు, 30 లీటర్ల నీళ్ళు. కిలో గింజలు దాదాపు లీటరు నీళ్ళు పట్టుకుని వదలవు. కాబట్టి 5 లీటర్ల వర్ట్ పిప్పిలోనే ఉండిపోతుంది, దానితోపాటు ఆరో వంతు చక్కెర కూడా. మిగిలిన 25 లీటర్లలో గంట మరుగులో 4 లీటర్లు ఆవిరైపోతాయి, అడుగు మడ్డికి 2 లీటర్లు పోతాయి, 19 ఫెర్మెంటర్‌లోకి వెళ్తాయి. నాకు 70 శాతం అటూ ఇటూగా నిలకడగా వస్తుంది, గ్రావిటీ (నీళ్ళతో పోలిస్తే వర్ట్ సాంద్రత) 1.050 దగ్గర. స్పార్జ్ చేసే నా స్నేహితుడికి 80 వస్తుంది. ఆ తేడా పూడ్చడానికి ఒక అరకిలో పైచిలుకు మాల్ట్ ఎక్కువ వేస్తే చాలు. రెండు మూడు డాలర్ల పని. టన్నుల్లో మాల్ట్ కొనే కంపెనీకి ఒక్కో శాతం విలువైనదే. శనివారం పూట 19 లీటర్లు చేసుకునే మనకు అంతకంటే విలువైనది టైం. నాకు ఒక్కో బ్యాచ్‌కి గంట మిగులుతోంది. స్పార్జ్ నీళ్ళు కాచే మూడో పాత్ర, దానికో స్టాండు, దానికో హీటర్ అక్కర్లేదు. చివర్లో పల్చబడ్డ నీళ్ళతో పొట్టులోని వగరు దిగుతుందేమోనన్న టెన్షన్ కూడా ఉండదు.

ఇక అసలు విషయం. 2019 మే నెల. అప్పటికి ఈ సిస్టం మీద చేస్తున్నది మూడో బ్యాచ్. కింద కెటిల్ (వర్ట్ మరిగించే పాత్ర), అందులో 5500 వాట్ల ఎలిమెంట్. పై అరలో మాష్ టన్ (గింజలు నానే పాత్ర). కెటిల్‌లో వేడెక్కిన వర్ట్‌ని పంపు పైకి ఎత్తి మాష్ టన్‌లో పోస్తుంది, గింజల గుండా దిగిన వర్ట్ తన బరువుతో తానే కెటిల్‌లోకి వస్తుంది. ఆ రోజు చేస్తున్నది గోధుమ బీరు. సగం బార్లీ మాల్ట్, సగం గోధుమ మాల్ట్. గోధుమకు పొట్టు ఉండదు, వడకట్టే పొర సరిగ్గా ఏర్పడదు. పైగా ఎఫిషియన్సీ ఇంకొంచెం రావాలని మిల్లు రోలర్లు బాగా దగ్గర చేసి దాదాపు పిండి పట్టించాను. వాల్వులన్నీ పూర్తిగా తెరిచి పెట్టాను. వర్ట్ ఎంత వేగంగా తిరిగితే అంత మంచిదని అప్పట్లో నా నమ్మకం.

పది నిమిషాలు బాగానే నడిచింది. లోపల పాప ఏడుస్తుంటే వెళ్ళాను. ఆ వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరే ఉన్నారు. నాన్న బీరు ముట్టుకోరు గానీ మోటారు నడుస్తుంటే చూడకుండా ఉండలేరు. గ్యారేజీలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి ఆయన కేక వినిపించింది. "ఒరేయ్, ఏదో మాడుతోందిరా! పాకం మాడిన వాసన వస్తోంది!"

నేను వచ్చేసరికి మాష్ టన్ దాదాపు అంచుల దాకా నిండి ఉంది. కెటిల్ ఖాళీ. ఎలిమెంట్ పైకి తేలి ఉంది, దాని మీద వర్ట్ నల్లటి పెచ్చులా కట్టి పొగ వస్తోంది. జరిగింది ఏమిటంటే, గింజల పొర అడుగున గట్టిపడి దిగాల్సిన వర్ట్ ఆగిపోయింది. పంపుకి ఆ సంగతి తెలియదు, ఉన్నదంతా పైకి తోడేసింది. కంట్రోలర్ సెన్సర్‌కి తగలడానికి వర్ట్ లేదు, అది చల్లగా ఉందనుకుని ఎలిమెంట్‌కి ఇంకా కరెంటు ఇస్తూనే ఉంది. బ్రేకర్ దించేశాను. ఆ బ్యాచ్‌ని ఎలాగోలా పూర్తి చేసి ఆరు వారాలు ఆగి చూశాను, మాడు వాసన పోలేదు. 19 లీటర్లూ పారబోశాను. పాపని ఎత్తుకుని ఇంకో పావుగంట లోపలే ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

మర్నాడు అన్నీ కడిగి నీళ్ళతో పరీక్ష చేస్తుంటే నాన్న పక్కనే నిలబడ్డారు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కాలవ నీళ్ళు చివరి చేలకు ఎక్కనప్పుడు ఆయిల్ ఇంజను పెట్టి తోడిన మనిషి ఆయన. వేగం తగ్గిద్దామని నేను పంపుకి ముందున్న వాల్వు తిప్పుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "సక్షన్ వైపు మూస్తే మోటారు గాలి పడుతుందిరా. ఏం తగ్గించినా డెలివరీ వైపే తగ్గించాలి." మనం వాడే పంపులకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. వర్ట్ 66 డిగ్రీల వేడి మీద ఉంటుంది, పీల్చే వైపు బిగిస్తే లోపల బుడగలు కట్టి పంపు గరగరమంటుంది, ఎత్తదు. పంపు కెటిల్ కంటే కిందే ఉండాలి, స్టార్ట్ చేసే ముందు దాని నిండా వర్ట్ దిగి ఉండాలి. ఇవి తనంతట తాను పీల్చుకునే పంపులు కావు. ఊళ్ళో పైపు నిండా నీళ్ళు పోసి ఇంజను తిప్పడం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత నేను పెట్టింది ఓవర్‌ఫ్లో పైపు. మన ఇళ్ళ మీద సింటెక్స్ ట్యాంకుకు ఉన్నట్టే. నా మాష్ టన్ 38 లీటర్లది, 25 లీటర్ల మట్టం దగ్గర రంధ్రం చేసి, జాలీ పెట్టి, అక్కణ్ణుంచి నేరుగా కెటిల్‌లోకి పైపు దించాను. 5 కిలోల గింజలు మూడు లీటర్లకు పైగా చోటు తీసుకుంటాయి కాబట్టి ఆ మట్టం కింద పట్టే ద్రవం 21, 22 లీటర్లు. మొత్తం 30లో మిగతా 8 లీటర్లు ఎట్టి పరిస్థితిలోనూ కెటిల్‌లోనే ఉంటాయి, నా 38 లీటర్ల కెటిల్‌లో అది ఎలిమెంట్ పైకి మూడు వేళ్ళ ఎత్తు. గింజల పొర పూర్తిగా బిగుసుకుపోయినా వర్ట్ పై నుంచి తిరిగి వచ్చేస్తుంది, ఎలిమెంట్ ఎండదు. ఫ్లోట్ స్విచ్చులు పెట్టమని కొందరు చెబుతారు. జిగురు వర్ట్‌లో అవి ఇరుక్కుపోవడం నేను చూశాను. పైపు ఇరుక్కోదు. మీ పాత్రల కొలతలు వేరైతే ఇదే లెక్క మళ్ళీ వేసుకోండి, ముందు ఎలిమెంట్ మునగడానికి ఎన్ని లీటర్లు కావాలో నీళ్ళు పోసి చూసి, ఆ తర్వాతే రంధ్రం వేయండి.

వేగం మాత్రం నిమిషానికి రెండు లీటర్లు దాటనివ్వకండి. అలా తిరిగినా 30 లీటర్లు గంటలో నాలుగుసార్లు గింజల గుండా వెళ్తాయి, వర్ట్ అద్దంలా తేరుకుంటుంది. గింజలు వేశాక పది నిమిషాలు కదలకుండా నానబెట్టి, ఆ తర్వాతే పంపు వేయండి. మాష్ టన్ అడుగు వాల్వు కొద్దిగానే తెరవండి, అక్కడ బలంగా లాగితేనే పొర గట్టిపడేది. గోధుమ ఉంటే గుప్పెళ్ళ కొద్దీ వరి ఊక కలపండి. మా ఊరి మిల్లు దగ్గర గుట్టలు పోసి ఉండే ఊకను ఇక్కడ సంచీలో పెట్టి పౌను లెక్కన అమ్ముతుంటే కొనడం నాకు ఇప్పటికీ బాధే, అయినా కొంటాను. గింజలు పట్టే మిల్లు రోలర్ల మధ్య గ్యాప్ 1.1 మిల్లీమీటర్ల కంటే తగ్గించను.

సెన్సర్ గింజల్లో గుచ్చకండి. కెటిల్ నుంచి పంపుకి వెళ్ళే దారిలో పెట్టండి. గింజల్లో పెడితే అది నెమ్మదిగా తెలుసుకుంటుంది, ఈలోగా ఎలిమెంట్ వర్ట్‌ని ఎక్కువ కాచేసి ఎంజైములను చంపేస్తుంది. మాష్ నడుస్తున్నప్పుడు పవర్ 30 శాతం మించనివ్వను. గింజలు వేసే ముందు నీళ్ళు 70 డిగ్రీలు ఉంటే, ఇంత పల్చటి మాష్‌లో 67 దగ్గర కుదురుకుంటుంది.

నీళ్ళ గురించి ఎవరూ చెప్పరు, అది నాకు కోపం. మెరిసే స్టీలు ఫిటింగులు చూపించే వీడియోలు వందలు ఉన్నాయి, నీళ్ళ మీద ఒక్క నిమిషం మాట్లాడరు. స్పార్జ్ లేని పద్ధతిలో మొత్తం 30 లీటర్లూ మాష్‌లోకే వెళ్తాయి, కాబట్టి నీళ్ళలో క్షారం ఉంటే మాష్ పీహెచ్ పైకి ఎగబాకుతుంది. మాది పప్పు ఉడకని నీళ్ళ బాపతు. లేత రంగు బీరుకు 88 శాతం లాక్టిక్ యాసిడ్ 5 మిల్లీలీటర్ల దాకా వేస్తే గానీ 5.4కి దిగదు. మీ నీళ్ళకు ఎంత పడుతుందో మీటరుతో కొలిచి వేయండి. కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ పోవడానికి ముందే అర టాబ్లెట్ క్యాంప్డెన్ (సల్ఫైట్ బిళ్ళ) నలిపి వేస్తే సరిపోతుంది.

కరెంటు దగ్గర మాత్రం లోభం వద్దు. 5500 వాట్లు అంటే 240 వోల్టుల మీద 23 ఆంపియర్లు. 30 ఆంపియర్ల లైను, దానికి జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది), పని ఎలక్ట్రీషియన్‌తోనే. తడి నేల మీద నిలబడి చేసే పని ఇది.

ఇంకో మాట. ఇది చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెట్టుకుందామనుకునేవాళ్ళు ఆగండి. ఇక్కడ అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకానికి కాకుండా సొంతానికి చేసుకోవడానికి ఫెడరల్ పన్ను లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరేగా ఉంటాయి, చూసుకోవాలి. మన దగ్గర 1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా చేస్తే నేరం. మా బావమరిది అడిగితే అదే చెప్పాను.

పంపు ఏది కొనాలన్నారు కదా. వేడి తట్టుకునే మాగ్నెటిక్ డ్రైవ్ పంపు, తల స్టెయిన్‌లెస్ స్టీలుది, ఏ బ్రాండైనా సరే. నిమిషానికి రెండు లీటర్లే కావాలి కాబట్టి పెద్దది కొని డబ్బు పోయకండి. మిగిలిన డబ్బుతో డెలివరీ వైపు మంచి బాల్ వాల్వు, ఓవర్‌ఫ్లోకి ముప్పావు అంగుళం పైపు కొనండి. అర అంగుళం చాలదు, గింజలు కొట్టుకొచ్చి మూసుకుపోతుంది.