పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వమే డబ్బు వేస్తే మంచిదేనా?

ఆలోచన మంచిదే. చిక్కంతా అమలులోనే. బ్రిటన్ దీన్ని చేసి చూసింది కాబట్టి అక్కడి అనుభవమే చెబుతాను.

2002 సెప్టెంబర్ 1 నుంచి 2011 జనవరి 2 వరకు పుట్టిన పిల్లలకు 'చైల్డ్ ట్రస్ట్ ఫండ్' ఖాతాలు ఇచ్చారు. మామూలుగా 250 పౌండ్ల ఓచర్, ఆదాయం తక్కువున్న ఇళ్లకు ఇంకో 250. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు, నిండాక పూర్తిగా పిల్లలదే. తల్లిదండ్రులు, బంధువులు కూడా అందులో వేయొచ్చు.

గొడవ అక్కడే మొదలైంది. ఉన్నవాళ్లు నెలనెలా జమచేశారు; ఇంటద్దెకే తడుముకునేవాళ్లు ఏం వేస్తారు? ఖజానా ఖాళీ అంటూ 2010లో వచ్చిన ప్రభుత్వం పథకాన్ని ఆపేసింది.

నాకు అంతకన్నా పెద్ద లోపంగా కనిపించేది వేరే. ఓచర్ పోస్టులో వచ్చేది. దాంతో తల్లిదండ్రులు ఏడాదిలోగా ఖాతా తెరవకపోతే పన్నుల శాఖే తెరిచేసేది. డ్రాయర్లో పడేసిన కాగితం, మారిన అద్దె ఇల్లు... ఇంకేముంది, లక్షల ఖాతాలు అడిగే దిక్కులేక పడి ఉన్నాయి. వాటిలో చాలావరకు పేదపిల్లలవే, అంటే ఎవరికోసం పెట్టారో వాళ్లవే.

ఆ ఏళ్లలో అక్కడ పిల్లలు పుట్టిన మనవాళ్లకో మాట: మీకు చైల్డ్ బెనిఫిట్ (పిల్లల పెంపకానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే భత్యం) వచ్చి ఉంటే ఖాతా ఉండే అవకాశం ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు సాధారణంగా అది వచ్చేది కాదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో (పన్నులు, సామాజిక భద్రత లెక్కల కోసం అక్కడ ఇచ్చే నంబరు) ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, దళారులకు కమీషన్ ఇవ్వక్కర్లేదు.