పర్మిట్ కొనిపెడితే కొడుకు సెటిల్ అయిపోతాడా?

ఉప్పల్ నుంచి ఒకాయన అడిగారు: కొడుకు డిగ్రీ మధ్యలో ఆపేసి బండి నడుపుతానంటున్నాడు, ప్లాటు తాకట్టు పెట్టి సిటీ పర్మిట్ ఉన్న పాత ఆటో కొనాలా, లేక కారు తీసుకుని ఓలా, ఊబర్‌కి పెట్టాలా అని. చివర్లో 'మా చుట్టాల పిల్లలందరూ సాఫ్ట్‌వేరే' అని కూడా రాశారు. అసలు బాధ అదే కదా అన్నా.

ముందు పర్మిట్. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 74లో, 5 లక్షలు, ఆపైన జనాభా ఉన్న సిటీల్లో కిరాయి బండ్లకి లిమిట్ పెట్టే వీలుంది. మన హైదరాబాద్‌లో ఆటోలకి చాలా ఏళ్ళు పాతది స్క్రాప్ చేస్తేనే కొత్తది అన్నట్టే నడిచింది. దాంతో బాగుపడింది ఖాకీ చొక్కా వేసుకుని ఎండలో తిరిగేవాడా? కాదు, పేపర్లు బీరువాలో పెట్టుకున్న ఫైనాన్షియర్. షోరూమ్ రేటు ఒకటి, బ్లాక్ రేటు ఒకటి, పైగా బండి ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే వాటి మీద ముందే సంతకాలు, కిస్తీ తప్పితే బండి మాయం. న్యూయార్క్‌లో 1937 నుంచి టాక్సీ మెడాలియన్లకి, అంటే అక్కడి టాక్సీ పర్మిట్లకి, లిమిట్ పెట్టారు, 2014కి ఒక్కోటి 10 లక్షల డాలర్లదాకా పోయింది, యాప్‌లొచ్చాక రేటు కుప్పకూలి అప్పు చేసి కొన్న డ్రైవర్లు మునిగిపోయారు. ఇక్కడా 2025లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపల కొత్త ఎలక్ట్రిక్, సీఎన్జీ, ఎల్పీజీ ఆటోలకి సర్కారు ఓకే అంది, మరి మీరు పాత పర్మిట్‌కి ఎక్స్‌ట్రా ఎందుకు కట్టాలి?

క్యాబ్ మీద నాకు ఇంకా డౌటు. ఆటోలకి పెట్టినట్టు లిమిట్ లేదు కాబట్టి లోన్ దొరికిన ప్రతోడూ దిగాడు. సొంత బిజినెస్ అంటారు గానీ రేటు వాడి చేతిలో ఉండదు, గిరాకీ వాడి చేతిలో ఉండదు, కిస్తీ మాత్రం వాడి పేరు మీదే.

కోప్పడకండి, ప్లాటు తాకట్టు ఆలోచన కొడుకు కోసం కాదు, చుట్టాల ముందు 'మావాడు ఓనర్' అని చెప్పుకోడానికి. ఆ పిల్లాడు పని చేస్తానంటున్నాడు, ఊరికే కూర్చోలేదు, డ్రైవింగ్ తక్కువ పనేం కాదు, డిగ్రీ ఓపెన్ యూనివర్సిటీలో తర్వాతైనా కట్టొచ్చు. ఎల్ఎంవీ (తేలిక బండ్ల) లైసెన్స్ ఉంటే చాలు, 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి లైసెన్స్ మీద వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కొన్నాళ్ళు రోజు కిరాయికి ఆటో తీసుకోనివ్వండి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక మీ రూట్లో గిరాకీ ఎంత మిగిలిందో, గ్యాస్, కిరాయి పోను చేతికెంతొస్తుందో వాడే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆ లెక్క చూశాక కూడా కొంటానంటే కొనండి, కాకపోతే ఆర్సీ, పర్మిట్ రెండూ వాడి పేరు మీదికి ఆర్టీఏలో మారాకే మొత్తం డబ్బు ఇవ్వండి.