‘రన్అవే’ పేరుతో ఇన్ని ఇంగ్లిష్ పాటలున్నాయేంటి? అన్నీ ఒకటేనా?

కాదు, పేరొక్కటే ఒకటి. పాట పేరుకు మామూలుగా కాపీరైట్ వర్తించదు కాబట్టి ‘రన్అవే’ అని ఎవరైనా పెట్టుకోవచ్చు. తమాషా ఏమిటంటే, ‘రన్అవే’ అంటే పారిపోయిన మనిషి కదా, ఆ పారిపోయేది ఎవరన్నది పాటపాటకీ మారిపోతుంది.

1961లో అమెరికన్ గాయకుడు డెల్ షానన్ పాడిన దాంట్లో వెళ్లిపోయింది అమ్మాయి. అతనేమో వానలో నడుస్తూ, ఎందుకు వెళ్లిపోయిందా అని తల బద్దలుకొట్టుకుంటుంటాడు. ఆ ప్రశ్న దగ్గర గొంతు ఒక్కసారిగా సన్నగా పైకి లేస్తుంది. మధ్యలో కీచుమనే వాయిద్యం మ్యూజిట్రాన్. షానన్‌తో కలిసి ఈ పాట రాసిన మాక్స్ క్రూక్ సొంతంగా తయారుచేసుకున్న ఎలక్ట్రానిక్ కీబోర్డు అది. ఈ పేరుతో ఉన్నవాటిలో నా ఓటు దీనికే.

అమెరికన్ రాక్ బ్యాండ్ బాన్ జోవి (1984) పాట దారితప్పిన టీనేజ్ అమ్మాయి గురించి. ర్యాపర్ కాన్యే వెస్ట్ (2010) కథను పూర్తిగా తిరగేశాడు: నాలాంటివాడి దగ్గర్నుంచి నువ్వే పారిపో అంటాడు. ఒకే పియానో మెట్టు టింగు టింగుమంటూ మొదలై, ఆల్బమ్‌లో తొమ్మిది నిమిషాలు దాటుతుంది, ఓపిక ఉండాలి. నార్వే గాయని అరోరా (2015) పాటలో మాత్రం పరుగు తీసిన పిల్లే చివరికి తనను ఇంటికి తీసుకెళ్లమని అడుగుతుంది.