స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు చెల్లుతాయా?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. ఆరేళ్ల కిందట తిరుమలలో పెళ్లయింది. ఆయనకు చెన్నైలో ఉద్యోగం. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. గొడవలు పడలేక రెండేళ్లుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. పోయిన ఏడాది పెద్దమనుషులు పంచాయితీ చేసి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘ఇష్టపూర్వకంగా విడిపోతున్నాం, మనోవర్తి అడగను’ అని రాయించి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించారు. నోటరీ కూడా అయింది. ఇప్పుడు ఆయనకు వేరే సంబంధాలు చూస్తున్నారట. ఈ విడాకులు చెల్లుతాయా? కోర్టుకు వెళ్లాలంటే చెన్నైకే వెళ్లాలా? ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: చెల్లవమ్మా. చట్టం ప్రకారం ఈ రోజుకీ మీరు భార్యాభర్తలే. సంతకాలు మీవేనని చెప్పడం వరకే నోటరీ ముద్ర పని. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని కోర్టు డిక్రీయే, అంటే కోర్టు ఇచ్చే తీర్పు ఉత్తర్వే, రద్దు చేయాలి. కొన్ని కులాల్లో విడాకుల ఆచారం ఉంటే సెక్షన్ 29(2) దాన్ని కాపాడుతుంది గానీ, ఆ ఆచారం ఎప్పటినుంచో ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. ‘మా ఊళ్లో అంతా ఇలాగే రాసుకుంటారు’ అంటే సరిపోదు.

కాబట్టి ఆయన ఇప్పుడు పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. మీకూ ఇదే వర్తిస్తుంది. ‘పేపరుంది కదా’ అని ఇంట్లోవాళ్లు తొందరపెట్టినా ఒప్పుకోకండి.

నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఆ పేపర్లో ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట. భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటే భార్యకు మనోవర్తి రాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125లో ఉండేది, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144లోనూ ఉంది. మీరు భరణం కేసు వేస్తే అవతలి వకీలు మొదట తీసేది ఆ పేపరే. అలాగని భయపడి కూర్చోవద్దు. గొడవలు పడలేక ఇల్లు వదిలారని, పెద్దల ఒత్తిడితో సంతకం పెట్టారని చూపించగలిగితే దాని బలం తగ్గుతుంది. ‘మనోవర్తి అడగను’ అని ముందే రాయించుకున్న షరతులను కోర్టులు చాలాసార్లు పక్కన పెట్టాయి. బాబు ఖర్చుల హక్కు బాబుదే, దాన్ని వదిలేస్తూ సంతకం పెట్టే అధికారం మీకు లేదు, ఆయనకూ లేదు. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది.

చెన్నై వెళ్లక్కర్లేదు. పెళ్లి జరిగిన చోట కేసు వేయొచ్చు, భార్య వేస్తే ఆమె నివసించే చోటా వేయొచ్చు. రెండు విధాలా తిరుపతి జిల్లా కోర్టులకే పరిధి ఉంది. ఎక్కడెక్కడి వాళ్లో కొండమీద పెళ్లి చేసుకుని, విడాకులకు తిరుపతి కోర్టు మెట్లెక్కడం చూస్తూనే ఉంటాం.

ఇద్దరికీ ఇష్టమైతే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఉమ్మడి పిటిషన్ దగ్గరి దారి. కనీసం ఏడాది విడిగా ఉండాలి, మీకు రెండేళ్లయింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ వచ్చి చెప్పాలి. మీలా ఏడాదిన్నర దాటి విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల విషయం తేలిపోతే ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది. దానికి విడిగా అర్జీ పెట్టాలి. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే డబ్బు, నగలు, పెళ్లి సామాను లెక్క పిటిషన్‌లోనే రాయించండి. ఆయన ఇచ్చే మొత్తంలో కొంత మొదటి రోజే బ్యాంకు డీడీగా తీసుకోండి.

ఆయన ఒప్పుకోకపోతే అదే చట్టం సెక్షన్ 13 కింద క్రూరత్వం వంటి కారణాలతో మీరొక్కరే వేయాలి. సాక్ష్యాలు, వాయిదాలతో అది ఏళ్లకు సాగొచ్చు. అయితే సెక్షన్ 24 కింద కేసు నడిచినంతకాలం భరణం, కోర్టు ఖర్చులు అడగొచ్చు.

ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ ఇవ్వండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. పెళ్లి ఫొటోలు, శుభలేఖ, రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే ఆ సర్టిఫికెట్, బాబు జనన ధ్రువీకరణ పత్రం సిద్ధం చేసుకోండి. ఆ స్టాంపు పేపరు అసలు ప్రతి ఏ పెద్దమనిషి దగ్గరుందో కనుక్కుని, కనీసం జిరాక్సు అయినా ఈ వారంలోనే తెచ్చుకోండి.