మైక్రోకంట్రోలర్‌కి ఏ సి కంపైలర్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో 8051 చిప్‌కి కీల్ అనే కంపైలర్ (సి కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) వాడతాం. ఇంట్లో దాని ఉచిత వెర్షన్‌తో మినీ ప్రాజెక్టు చేస్తుంటే కోడ్ 2 కేబీ దాటగానే ఎర్రర్ వస్తోంది. ఫ్రెండ్ క్రాక్ వెర్షన్ ఇస్తానంటున్నాడు. ఐఏఆర్ అనే కంపైలర్ రాకపోతే ఎంబెడెడ్‌లో ఉద్యోగం రాదని ఒక సీనియర్ అన్నారు. నా దగ్గర ఆర్డుయినో ఊనో బోర్డు ఉంది. దేనితో నేర్చుకోవాలి సర్?

జవాబు: మీ దగ్గరున్న ఊనోతోనే మొదలుపెట్టండి. ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టక్కర్లేదు. ఆ బోర్డు మీదున్న ఏటీమెగా328పీ చిప్‌కి వాడే కంపైలర్ ఏవీఆర్-జీసీసీ. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే అదీ మీ కంప్యూటర్‌లోకి వచ్చేసింది. సైజు పరిమితి ఉండదు, లైసెన్స్ గొడవ ఉండదు. కాకపోతే డిజిటల్‌రైట్ లాంటి రెడీమేడ్ ఫంక్షన్లు కొన్నాళ్లు పక్కన పెట్టండి. 13వ పిన్ అంటే పోర్ట్ బీలో 5వ బిట్. డేటాషీట్ (చిప్ వివరాల పత్రం) తెరిచి, ఆ పోర్ట్ రిజిస్టర్‌లో (పిన్‌లను నడిపే చిప్‌లోని మెమరీ గడి) బిట్‌ని మీరే మార్చి ఎల్‌ఈడీ వెలిగించండి.

క్రాక్ జోలికి వెళ్లకండి. అది చట్టవిరుద్ధం, పైగా వైరస్‌లు ఎక్కువగా వచ్చేది అలాంటి ఫైళ్లతోనే. మీ మినీ ప్రాజెక్టుకి ఎస్‌డీసీసీ అనే ఉచిత కంపైలర్ ఉంది, 8051కి బాగా పనిచేస్తుంది. 8051 రకం చిప్ ఏటీ89ఎస్52లో 8 కేబీ ఫ్లాష్ (కోడ్ ఉండే మెమరీ) ఉంటుంది కాబట్టి చిప్‌లో చోటుకి కొదవ లేదు, అడ్డుపడుతున్నది కంపైలర్ ఉచిత వెర్షన్ మాత్రమే. అయితే ఎస్‌బిట్, ఎస్ఎఫ్ఆర్ లాంటివి కీల్ సొంత మాటలు. వాటిని ఎస్‌డీసీసీ పద్ధతిలోకి మార్చుకోవాలి. ఓపిగ్గా కూర్చుంటే అయ్యే పనే.

ఇక ఉద్యోగం మాట. ఐఏఆర్ మంచి కంపైలరే. ఆటోమొబైల్ లాంటి రంగాల్లో భద్రతా ప్రమాణాలకు సర్టిఫికెట్ ఉన్న కంపైలర్లు కావాలి కాబట్టి కంపెనీలు దాన్ని కొంటాయి. కానీ ఫ్రెషర్‌కి అది రాకపోతే ఉద్యోగం రాదనడం సరికాదు. మెనూలు, సెట్టింగ్‌లు ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చు. మీరు రాసిన సి కోడ్‌ని కంపైలర్ ఏం చేస్తుందో తెలియకపోతేనే ఇంటర్వ్యూలో ఇబ్బంది పడతారు.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ల్యాబ్‌లో డిలే కోసం రాసే ఖాళీ ఫర్ లూప్‌ని జీసీసీలో ఆప్టిమైజేషన్ (అనవసరమైన కోడ్‌ని కంపైలరే తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసి కంపైల్ చేయండి. ఎల్‌ఈడీ బ్లింక్ కాదు, కాస్త మసకగా వెలుగుతూనే ఉంటుంది. లూప్‌లో పనేమీ లేదని కంపైలర్ దాన్ని తీసిపారేసింది. ఎల్‌ఈడీ కంటికి అందనంత వేగంగా ఆరి వెలుగుతోంది. లూప్ వేరియబుల్ ముందు వొలటైల్ అని చేర్చండి (దీన్ని తీసెయ్యొద్దని కంపైలర్‌కి చెప్పే మాట), బ్లింక్ తిరిగి వస్తుంది. ఇప్పుడు ఆ వేరియబుల్‌ని ఇంట్‌గా ఉంచి 40,000 దాకా తిప్పండి. పీసీలో ఇంట్ 4 బైట్లు కాబట్టి సజావుగా నడుస్తుంది. ఏవీఆర్‌లో (ఊనో చిప్ రకం) ఇంట్ 2 బైట్లే, 32,767 దాటి వెళ్లలేదు. ప్రోగ్రామ్ ఆ లూప్‌లోనే చిక్కుకుపోతుంది. వార్నింగ్‌లన్నీ ఆన్ చేసి ఉంటే కంపైలర్ ముందే చెబుతుంది. వార్నింగే కదా అని వదిలేసే అలవాటు ఇప్పుడే మానుకోండి. వొలటైల్ ఎందుకు, ఇంట్ ఎన్ని బైట్లు అనేవి ఎంబెడెడ్ ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్నలు. చేతులతో చేసి చూసినవాళ్లు తడబడకుండా చెబుతారు.

ఊనోలో ర్యామ్ 2 కేబీయే. సీరియల్ పోర్ట్‌కి పంపే మెసేజ్‌లు కూడా మామూలుగా రాస్తే ర్యామ్‌లోనే కూర్చుంటాయి. కంపైల్ అయ్యాక కింద కనిపించే మెమరీ లెక్క ప్రతిసారీ చూడండి.

ఫైనల్ ఇయర్‌లోకి వచ్చేసరికి ఏఆర్ఎమ్ రకం చిప్‌లకి మారండి. ఆ రకం చిప్ ఉన్న ఎస్‌టీఎం32 న్యూక్లియో బోర్డు ఒకటి కొనుక్కుంటే చాలు, డీబగ్గర్ (కోడ్‌లో తప్పులు వెతికే సాధనం) దాని మీదే ఉంటుంది. దానికి కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఎస్‌టీఎం32క్యూబ్ ఐడీఈ ఉచితం, లోపల ఉండేది జీసీసీయే కాబట్టి ఇప్పుడు నేర్చుకున్నదేదీ వృథా కాదు. ప్రోగ్రామ్‌ని ఒక లైన్ దగ్గర ఆపి, వేరియబుల్ విలువ చూసి, తప్పు పట్టుకోవడం అక్కడ బాగా ప్రాక్టీస్ చేయండి. రెజ్యూమెలో నాలుగు కంపైలర్ల పేర్లు రాసేకంటే, అలా డీబగ్ చేసిన ఒక ప్రాజెక్టు గురించి రాయండి. కోడ్ ఎంత మెమరీ తీసుకుందో, ఎక్కడ ఇబ్బంది వచ్చిందో అందులో చెప్పండి.